ఎమల్షనుల అస్థిరత, బిందువృద్ధి

ఒకదానియందొకటి కరుగని రెండు ద్రవములలో నొకటి సూక్ష్మబిందురూపమున రెండవదానియందు వ్యాపించియున్నచో ఆ మిశ్రమమునకు ఎమల్షను అని పేరు. పాలను ఉదాహరణముగ జెప్పుట పాఠ్యగ్రంథముల వాడుక. కాని ఈ మిశ్రమము చెడిన కలుగు నష్టమెంతటిదో యెరుగగోరువారు గోదావరిఖని బొగ్గుగనులను జూడవలెను. అచట దీని రెండు జాతులును గలవు: లాంగ్‌వాల్ గనులలో పైకప్పును మోయు హైడ్రాలిక్ సపోర్టులను నడుపునది నూటికి సుమారు ఐదుపాళ్ల నూనె గల నీరు, ఓపెన్‌కాస్టు గనులలో కార్మికులు ఓబీ యనెడి పైపొరను పగులగొట్టునది నూనెలో అమోనియం నైట్రేటు ద్రావణబిందువులు గల ప్రేలుడుమందు.

బిందువులు చిన్నవైన కొలది వాని మొత్తము ఉపరితలవైశాల్యమును, దానితో తలశక్తియు అధికమగును. ఆ శక్తిని వదలుకొను ప్రవృత్తియే అస్థిరతకు మూలము. తేలికబిందువులు పైకి తేలుట యొక మార్గము. ఆ వేగము వ్యాసార్ధవర్గము ననుసరించునని 1851లో స్టోక్సు చూపిన సూత్రమువలన తెలియుచున్నది. రెండు బిందువులు తాకి నడిమి పలుచనిపొర తెగి యొకటగుట రెండవది. మూడవదానికి తాకుటతోనే పనిలేదు. వక్రత హెచ్చిన తలమునుండి పదార్థము సులభముగ వెడలునను భావమును కెల్విన్ 1871లో ఆవిరివిషయమున స్థాపించెను. ఆ న్యాయముననే చిన్నబిందువులోని అణువులు చుట్టునున్న ద్రవములో కరగి, ప్రసరించి, పెద్దబిందువును జేరును. 1900లో పాదరస ఆక్సైడు రేణువుల ద్రావ్యతను పరిశోధించిన ఆస్ట్‌వాల్డు పేరు దీనికి నిలిచినది. సగటు వ్యాసార్ధముయొక్క ఘనము కాలానుపాతముగ పెరుగునని లిఫ్షిట్జ్, స్ల్యోజోవ్, వాగ్నరు పండితులు 1961 నాటికి గణితముచే నిర్ణయించిరి.

ఈ గనులను నడుపు సింగరేణి సంస్థలో లాంగ్‌వాల్ పద్ధతి 1983లో గోదావరిఖని 7వ ఇంక్లైనున మొదలై, 2014లో అడ్రియాల గనితో భారీ యంత్రములకు మరలినది. సపోర్టులను నడుపు ఎమల్షనులోని ఖనిజతైలము నీట దాదాపు కరుగదు గనుక ఇట మూడవమార్గము మిక్కిలి మందము; అసలు శత్రువు నీటి కఠినత. కాల్షియం, మెగ్నీషియం లవణములు బిందువులను కాచుచున్న సబ్బువంటి పదార్థమును విరుగగొట్టగా, బిందువులు కలిసిపోయి నూనె పైకి తేలును. పంపులకు వట్టినీరు చేరి వాల్వులు త్రుప్పుపట్టును. కావున నూనెనాణ్యతకంటె ముందు నీటినాణ్యతను పరీక్షించుటయే వివేకము.

1969లో బ్లూమ్ అమెరికాలో పేటెంటు పొందిన ఎమల్షను ప్రేలుడుమందు కథ వేరు. దానిలో బిందువులే పరిమాణమున నూటికి తొంబది వంతులకు సమీపముగ నుండును. నీరు నూనెపొరను కొంత దాటగలదు, లవణము దాటలేదు. చిన్నబిందువు నీటిని కోల్పోయినచో దాని ద్రావణము చిక్కబడి, ఆ నష్టము నంతటితో అరికట్టును. అట్లు బిందువులో చిక్కుకొన్న పదార్థమే బిందువృద్ధిని నిరోధించునని హిగుచి, మిశ్రా 1962లో ప్రతిపాదించిరి. అయితే రక్షించిన లవణమే భక్షకమగును: వేడిగ చేసిన ద్రావణము చల్లబడి అతిసంతృప్తమై, ఒక స్ఫటికము పుట్టి పొరను చీల్చినచో పొరుగుబిందువులును గడ్డకట్టును.

మందుకు ప్రేలుడుగుణము నిచ్చు వాయుబుడగలు సైతము కాలక్రమమున పెరిగి కలిసిపోవును. కావున మందు నింపిన రంధ్రమును నిర్ణీతవ్యవధిలో ప్రేల్చవలెను. టోకున వాడు మందు విషయమున, బుడగలు పుట్టించు రసాయనమును రవాణాక్షేమమునకై గూడ రంధ్రము నొద్దనే కలిపెదరు.