ఎక్కడుంది ఆ మాట?

తెలుగు వ్యాసాల్లో తరచు కనబడే వాక్యం ఒకటుంది: 'అని ఒక కవి అన్నాడు.' ఏ కవి? ఏ కావ్యంలో? ఎన్నో ఆశ్వాసం? రాసినవారికి తెలిసే ఉంటుంది, చదివేవారికి చెప్పాలని తోచలేదు. ఒక పద్యపాదం ఎవరిదో తేల్చుకోవడానికి పది పుస్తకాలు తిరగేసిన ఎవరికైనా ఆ వాక్యం చూస్తే కోపం వస్తుంది. నాకూ వస్తుంది. ఒక మాట ఎక్కడిదో చెప్పడమంటే అది దొరికే చోటికి పాఠకుడికి దారి చూపడం. కామా ఎక్కడ పెట్టాలి, సంవత్సరం ముందు రాయాలా వెనక రాయాలా అన్న నియమాలన్నీ ఆ దారి చుట్టూ పెరిగినవే. పీహెచ్‌డీ విద్యార్థులు ఇవాళ ఆ నియమాల దగ్గరే అలసిపోయి, అవి దేనికి పుట్టాయో అడగడం మానేస్తున్నారు. అందుకే ఈ చరిత్రను కాస్త మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఆధారం చూపే అలవాటు మనకు యూనివర్సిటీలతో పాటు పడమటి నుంచి వచ్చిందని చాలామంది నమ్మకం. కొలచాల మల్లినాథసూరిని చదివినవారు అలా అనరు. నేటి మెదక్ జిల్లా కొల్చారమే ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ ఆయన చేసిన ప్రతిజ్ఞ సంస్కృతం చదువుకున్న ప్రతివారికీ తెలుసు: మూలంలో లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది ఏదీ చెప్పను. ఒక మాటకు అర్థం చెప్పగానే 'ఇత్యమరః' అంటాడు. అంటే ఈ అర్థం నా సొంతం కాదు, అమరకోశంలో ఉంది అని. మరోచోట 'ఇతి విశ్వః', ఇంకోచోట 'ఇతి యాదవః'. నిఘంటువు పేరు మాత్రమే చెబుతాడు, ఏ కాండమో ఏ వర్గమో చెప్పడు. అది బద్ధకమేమీ కాదు. ఆయన పాఠకుడికి అమరం కంఠస్థం. పుస్తకం నోట్లోనే ఉన్నవాడికి పుట సంఖ్యతో పనేముంది? మూలం ఎక్కడ ఉంటే చిరునామా ఆ రూపంలో ఉంటుంది. ఆనాడు అది జ్ఞాపకంలో ఉండేది కాబట్టి పేరొక్కటే చాలింది.

తెలుగులో ఇంతకన్నా గొప్ప ఉదాహరణ మడికి సింగన. పదిహేనో శతాబ్దంలో ఆయన 'సకలనీతిసమ్మతము' అనే నీతిపద్యాల సంకలనం కూర్చాడు. రాజనీతి మీద అప్పటికి ఉన్న తెలుగు గ్రంథాల నుంచి పద్యాలు ఏరి, ఏది ఏ గ్రంథంలోదో పేరు చెప్పాడు. బద్దెన నీతి, కామందకం, పురుషార్థసారం, ముద్రామాత్యం, ఇలా. తర్వాత కాలం వాటిలో కొన్నిటిని మింగేసింది. ముద్రామాత్యం అనే కావ్యం ఇవాళ మన చేతిలో లేదు. అలాంటి కావ్యం ఒకటి ఉండేదని, దాని పద్యాల నడక ఇలా ఉండేదని తెలుస్తున్నది సింగన పేరు రాసి పెట్టినందువల్లే. పెదపాటి జగ్గన చేసిన 'ప్రబంధరత్నాకరం' కూడా ఇలాంటిదే. అందులోంచి అలభ్య కావ్యాల పద్యాలను ఏరి వేటూరి ప్రభాకరశాస్త్రి 'ప్రబంధరత్నావళి' ప్రకటించారు. జగ్గన కవుల పేర్లు, కావ్యాల పేర్లు వదిలేసి పద్యాలు మాత్రం రాసుకొని ఉంటే ఆ సంకలనం వినోదానికి పనికొచ్చేది గానీ సాహిత్య చరిత్రకు పనికొచ్చేది కాదు. ఇతరుల మాట వాడుకొని ఊరు పేరు చెప్పకపోవడాన్ని మనం దొంగతనంగా మాత్రమే చూస్తాం. దానివల్ల జరిగే అసలు నష్టం ఇంకా పెద్దది. మూలం పోయిన రోజున ఆ పేరొక్కటే మిగులుతుంది, అదీ లేకపోతే ఆ కవి పూర్తిగా పోయినట్టే.

యూరప్‌లోనూ ఇదే భయం ఒక సన్యాసికి కలిగింది. ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ ఉత్తరభాగంలోని మఠంలో కూర్చుని బైబిల్ వ్యాఖ్య రాసిన బీడ్ తాను ఆంబ్రోస్, అగస్టీన్, జెరోమ్, గ్రెగరీ అనే నలుగురు పూర్వాచార్యుల మాటలు వాడుకున్న ప్రతిచోటా అంచులో వారి పేర్లకు గుర్తుగా పొడి అక్షరాలు వేశాడు. తన పుస్తకానికి నకళ్లు రాసేవాళ్లు ఆ గుర్తుల్ని వదిలేయవద్దని కూడా ప్రాధేయపడ్డాడు. పూర్వుల మాటల్ని తనవిగా చెప్పుకున్నాడన్న అపవాదు రాకూడదని ఆయన తాపత్రయం. రాతప్రతుల కాలంలో ఆధారం బతకడం, చావడం లేఖకుడి చేతిలో ఉండేది.

అచ్చు వచ్చాక చిరునామా స్వభావం మారింది. తాళపత్ర ప్రతిలో ఒక పద్యం ఎన్నో ఆకులో ఉందో చెప్పి లాభం లేదు, ఇంకో ప్రతిలో అది ఇంకో ఆకులో ఉంటుంది. వందల ప్రతులు ఒకేలా అచ్చయినప్పుడే పుట సంఖ్యకు అర్థం. ఆ సౌకర్యాన్ని అందరికన్నా బాగా వాడుకున్నది ఎస్తియెన్ కుటుంబం. రోబెర్ ఎస్తియెన్ 1551లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో వచనాలకు సంఖ్యలు వేశాడు. ఆయన కొడుకు ఆన్రీ 1578లో ప్లేటో రచనలు మూడు సంపుటాలుగా ప్రకటించాడు. ప్లేటోను ఇవాళ ఏ భాషలో, ఏ అనువాదంలో చదివినా అంచున కనబడే అంకెలు, వాటి పక్కని అక్షరాలు ఆ 1578 నాటి పుటలవే. గుహలో బందీల కథ ఎక్కడుందంటే 514వ పుట అంటారు. నాలుగున్నర శతాబ్దాల కిందటి పుస్తకం పుట అది. మన భారత భాగవతాలకు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య చేసేదీ ఇదే పని. పరిష్కర్తను బట్టి పద్యసంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఏ ముద్రణ చేతిలో ఉన్నవాడైనా ఆ చోటు పట్టుకోగలడు. ప్రాచీన కావ్యానికి ఉత్త పుట సంఖ్య ఇచ్చే మన సిద్ధాంత గ్రంథాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ముద్రణ దొరకనివాడికి ఆ పుట సంఖ్య వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఏయే పుస్తకాలున్నాయో జాబితా రాయడం కూడా అచ్చు పుట్టించిన అవసరమే. జ్యూరిచ్‌లో కాన్రాడ్ గెస్నర్ 1545లో లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషల గ్రంథాలు సుమారు 10,000 ఒక్క పుస్తకంలో నమోదు చేశాడు. మన పరిశోధనల చివర 'ఉపయుక్త గ్రంథసూచి' అని ఉండే పట్టికకు ఆయన పూర్వీకుడు.

ఫుట్‌నోట్ పెరిగి పెద్దదైంది పదిహేడో శతాబ్దం చివర. 1697లో పియర్ బేల్ రాటర్‌డామ్ నుంచి వెలువరించిన నిఘంటువులో కొన్ని పుటల పైన రెండు మూడు వరుసల మూలం, కింద పుటంతా చిన్న అక్షరాల చర్చ, ఆ చర్చకు అంచుల్లో మళ్లీ ఆధారాలు. అసలు వాదమంతా కిందనే జరిగేది.

ఫుట్‌నోట్ కథలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం గిబ్బన్‌ది. రోమన్ సామ్రాజ్య క్షీణపతనాల చరిత్ర మొదటి సంపుటం 1776 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో నోట్సు పుస్తకం చివర ఉన్నాయి. అది చదివిన డేవిడ్ హ్యూమ్ ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. అంకె కనబడినప్పుడల్లా చివరికి తిప్పి చూస్తే చాలాసార్లు అక్కడ ఒక పుస్తకం పేరు తప్ప ఏమీ ఉండటం లేదని, ఇవి పుట అంచులోనో అడుగునో ఉండాలని. హ్యూమ్ అప్పటికి మృత్యువుకు చేరువలో ఉన్నాడు, ఆగస్టులో చనిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన మూడో ముద్రణలో నోట్సు పుట అడుగుకు దిగాయి. అప్పటినుంచి గిబ్బన్‌ను చదవడమంటే పైనా కిందా కలిపి చదవడమే.

ఆ నోట్సుకు పరీక్ష త్వరగానే వచ్చింది. క్రైస్తవం ఎలా వ్యాపించిందో గిబ్బన్ రాసిన తీరు నచ్చక 1778లో హెన్రీ డేవిస్ అనే ఆక్స్‌ఫర్డ్ యువకుడు పుస్తకం రాశాడు. గిబ్బన్ అభిప్రాయాలతో పాటు ఆయన ఇచ్చిన ఆధారాల మీద కూడా దాడి చేశాడు. ఇవి తప్పుడు ఉటంకింపులు, మూలాలు చూడకుండా ఎవరి పుస్తకంలోనుంచో ఎత్తుకున్నవి అన్నాడు. గిబ్బన్ 1779లో ఒక్కొక్క ఆరోపణకూ జవాబు ఇస్తూ, తన ఇంటికి వచ్చి తన గ్రంథాలయం చూసుకోవచ్చని డేవిస్‌ను ఆహ్వానించాడు. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇద్దరూ ఒకే నేల మీద నిలబడటం. పుట అడుగున గిబ్బన్ చిరునామాలు రాసిపెట్టకపోతే డేవిస్‌కు తప్పు పట్టే అవకాశం ఉండేది కాదు, గిబ్బన్‌కు నిరూపించుకొనే అవకాశమూ ఉండేది కాదు. తర్వాత జర్మనీలో రాంకె, 1824 నాటి తన తొలి పుస్తకం నుంచే, చరిత్రకారుడు ఆనాటి పత్రాల దాకా వెళ్లి తీరాలని పట్టుబట్టాడు. యూనివర్సిటీ సెమినార్లలో ఫుట్‌నోట్ నియమంగా మారింది.

విజ్ఞానశాస్త్రం వేరే దారి పట్టింది. 1881లో హార్వర్డ్‌లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ తోటల్లో తిరిగే ఒక జాతి నత్త గుడ్ల మీద సుదీర్ఘమైన పత్రం రాశాడు. అందులో పాత రచనలను ప్రస్తావించినచోట రచయిత పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం వేశాడు. కొత్త ఏర్పాటు కాబట్టి దాన్ని వివరిస్తూ ఒక నోట్ రాయవలసి వచ్చింది. పూర్తి వివరాలు చివరి పట్టికలో. ఇంతే. హార్వర్డ్ పద్ధతి అని ఇప్పుడు అందరూ అనేది దీన్నే. ఆ యూనివర్సిటీ కూర్చుని తీర్మానించింది కాదు, పేరు తర్వాత అతుక్కుంది. ప్రయోగశాలలో పనిచేసేవాడికి ఎవరు ముందు కనిపెట్టారన్నది ప్రాణం. అందుకే పేరు, ఏడు ముందుకొచ్చాయి. పైగా రాస్తూ రాస్తూ మధ్యలో కొత్త ఆధారం చేర్చినా మిగతా అంకెలన్నీ దిద్దుకోనక్కర్లేదు.

ఆ తర్వాత నియమాల పుస్తకాలు వరుసకట్టాయి. 1906లో షికాగో మాన్యువల్, 1929లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం వారి ఏడు పుటల సూచనలు, 1951లో మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి స్టైల్ షీట్. వైద్యపత్రికల సంపాదకులు 1978లో వాంకూవర్‌లో కలిసి అంకెల పద్ధతిని ఒప్పుకున్నారు. ఈ వరుసలో ఒకరి దగ్గర ఆగాలి. కేట్ తురేబియన్ షికాగో యూనివర్సిటీలో థీసిస్‌లు సరిచూసి ఆమోదించే కార్యదర్శి. సమర్పించిన ప్రతి థీసిస్ ఆమె బల్ల మీదుగా పోవాలి. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి 1937లో విద్యార్థుల కోసం చిన్న పుస్తకంగా రాసింది. తరతరాల పరిశోధకులు దాన్ని ఆమె పేరుతోనే పిలిచారు.

ఇంతవరకు ఉటంకింపు వెనక్కి చూపేది. ముందుకు కూడా చూపగలదని మొదట గ్రహించింది వకీళ్లు. 1873లో ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో జిగురు చీటీల మీద అచ్చువేసి అమ్మేవాడు. పాత తీర్పు ఇంకా చెల్లుతుందో లేదో వకీలు తెలుసుకోవాలి కదా. యూజీన్ గార్ఫీల్డ్ ఆ ఆలోచనను 1955లో విజ్ఞానశాస్త్రానికి అన్వయించి, 1964 నాటికి సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఒక పత్రం నుంచి దాన్ని వాడుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లవచ్చు. చక్కని పనిముట్టు. కానీ లెక్కపెట్టగలిగినదాన్ని కొలబద్ద చేయకుండా ఎవరూ ఉండలేరు. ఉద్యోగం, ప్రమోషన్, గ్రాంటు సైటేషన్ల సంఖ్య మీద ఆధారపడటం మొదలయ్యాక, దారి చూపడానికి కాక లెక్క పెంచడానికి చేసే ఉటంకింపులు పుట్టుకొచ్చాయి. ఈ చరిత్రలో నాకు బాధ కలిగించే మలుపు ఇదే.

తెలుగులో ఈ క్రమశిక్షణను నిఘంటుకర్తలు ముందు పట్టుకున్నారు. బ్రౌన్ 1852 నిఘంటువులో కావ్యాలకు పొడి అక్షరాల సంకేతాలున్నాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలో, సూర్యరాయాంధ్ర నిఘంటువులో పదానికి ప్రయోగం, ప్రయోగానికి చోటు చూపారు. యూనివర్సిటీ తెలుగు శాఖల్లో అధోజ్ఞాపికలు, 'పైదే, పుట 45' అనే వరుసలు స్థిరపడ్డాయి. తేలనిది మాత్రం పేరు. గిబ్బన్, ఎడ్వర్డ్ అని తిరగేసి రాయడం ఇంటిపేరు చివర ఉండే జాతులకు. మనకు ఇంటిపేరు ముందే ఉంది. గిడుగు రామమూర్తి అంటే అకారాది క్రమంలో 'గ' దగ్గర హాయిగా కూర్చుంటాడు. ఆ నమూనా గుడ్డిగా అనుసరించి 'రామమూర్తి, గిడుగు' అని 'ర' దగ్గర పెట్టిన పట్టికలు ఎన్నో. ఆరుద్రను భాగవతుల కింద వెదకాలా, ఆరుద్ర కిందనా? ఇంగ్లీషు పత్రికలకు రాసే తెలుగువారి ఇబ్బంది ఇంకొకటి. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమైపోయి, అసలు పేరు ఇంటిపేరు స్థానంలో అచ్చవుతుంది. ఒకే మనిషి మూడు పట్టికల్లో ముగ్గురవుతాడు. నా మటుకు నేను పుస్తకం ముఖపత్రం మీద పేరు ఎలా ఉంటే అలాగే, కామా లేకుండా రాస్తాను.

కంప్యూటర్ వచ్చాక కామాల బాధ చాలావరకు తీరింది. 1985లో బిబ్‌టెక్, 2006లో జొటేరో. వివరాలు ఒకసారి నింపితే ఏ పద్ధతిలో కావాలంటే ఆ పద్ధతిలో పట్టిక వస్తుంది. చిరునామా మాత్రం మళ్లీ కదలడం మొదలుపెట్టింది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన ఇంటర్నెట్ లింకుల్లో సుమారు సగం, ఉదహరించిన సమాచారం దగ్గరికి తీసుకుపోవడం లేదని హార్వర్డ్ లా స్కూల్ పరిశోధకులు లెక్కతేల్చారు. పత్రం ఏ సైటుకు మారినా వెంట వెళ్లేలా, 10తో మొదలయ్యే డీఓఐ సంఖ్యను ప్రచురణకర్తలు 2000 నుంచి వాడుకలోకి తెచ్చింది అందుకే. మన దేశంలో శోధగంగ వచ్చాక తెలుగు థీసిస్‌లు కూడా ఎవరైనా తెరిచి చూడగలుగుతున్నారు. ఆకరాలు సరిచూడటం ఇంత తేలిక ఎన్నడూ లేదు.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు వకీళ్లు దాఖలు చేసిన వాదనలో పాత తీర్పులు కొన్ని ఉదహరించారు. కక్షిదారుల పేర్లు, కోర్టు, సంవత్సరం, పుట సంఖ్య, అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి. వాటిని రాసింది చాట్‌జీపీటీ. అలాంటి తీర్పులే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. అది బయటపడింది ఏ కొత్త యంత్రం వల్లా కాదు. గిబ్బన్‌ను పట్టుకోవాలని డేవిస్ చేసిన పనే ఎదుటి పక్షం వకీళ్లూ చేశారు, రాసిన చిరునామాకు వెళ్లి తలుపు తట్టబోయారు. అక్కడ ఇల్లే లేదు.