మృగయాకథయందు సంఘర్షణము, పాత్రపోషణము

మనువు కామజములగు పది వ్యసనములలో మృగయను మొదట పేర్కొనెను. అభిజ్ఞానశాకుంతల ద్వితీయాంకమున విదూషకుడు వేటను నిందింపగా, సేనాపతి దానినే పొగడును. భయక్రోధములచేత జంతువుల చిత్తము మాఱు తెఱగు వేటకానికి తెలియుట సేనాపతి చెప్పిన లాభములలో నొకటి. ఆ యెఱుక కరుణను నేర్పునా, వేటనేర్పును మాత్రమే పెంచునా యని యాతడు విచారింపలేదు. అమెరికా రచయితయగు రిచర్డు కానెల్ (1893–1949) వ్రాసిన యొక చిన్నకథకు ఆ ప్రశ్నయే ప్రాణము.

'ది మోస్టు డేంజరస్ గేమ్' అను నా కథ 1924 జనవరిలో కాలియర్స్ వారపత్రికయందు వెలువడెను. ఆంగ్లమున 'గేమ్' శబ్దమునకు క్రీడయనియు, వేటమృగమనియు రెండర్థములు కలవు. సంస్కృతమున 'మృగ' ధాతువునకు వెదకుట యర్థము. కావున వెదకబడునది మృగము. ఈ కథయందు వెదకబడువాడు మనుష్యుడు.

దూరదేశములకేగి పెద్దమృగములను చంపుట ఆనాటి పాశ్చాత్యధనికులకు ప్రతిష్ఠాహేతువు. థియొడోర్ రూజ్‌వెల్టు 1909లో అమెరికా అధ్యక్షపదవిని వీడినవెంటనే ఆఫ్రికాకు వేటకేగి, ఆ వృత్తాంతమును 1910లో గ్రంథముగా ప్రకటించెను. పిదప 1914–18 నాటి మహాయుద్ధము మనుష్యవధను నిత్యకృత్యముగా జేసెను. 1917 నాటి విప్లవము రష్యా ప్రభువంశీయులను దేశభ్రష్టులను గావించెను. కానెల్ స్వయముగా నా యుద్ధమున సైనికుడు. కథలోని ప్రధానపాత్రలు రెండును ఈ చరిత్రనుండి పుట్టినవే.

నాయకుడగు రెయిన్స్‌ఫర్డు వేటనుగూర్చి గ్రంథము రచించినవాడు. ఫ్రాన్సు రణరంగమును చూచినవాడు. అమెజాను ప్రాంతమున జాగ్వారులను వేటాడుటకు ఓడలో పోవుచుండగా, ఆ మృగములకు భయమైనను తెలియునని మిత్రుడు విట్నీ పలుకును. రెయిన్స్‌ఫర్డు దానిని త్రోసివైచి, లోకమున వేటాడువారు, వేటాడబడువారు అను రెండే తెగలు కలవనును. ఆ రాత్రియే యాతడు కరీబియను సముద్రమున బడి, యీది, యొక దీవిని జేరును. దీవికి ప్రభువు కొసాకు సేనానియగు జారాఫు. బుద్ధిలేని మృగముల వేటయందు విసుగు పుట్టి, యాతడు దొంగదీపములతో నోడలను రాళ్లపైకి మరలించి, చిక్కిన నావికులను వేటాడుచుండును. మూడుదినములు చిక్కనివానికి విడుదలయని నియమము. తనతోగూడి వేటాడుమని జారాఫు కోరగా, ఇది హత్యయని రెయిన్స్‌ఫర్డు నిరాకరించును. నిరాకరించి తానే వేటమృగమగును.

కథయందు సంఘర్షణము మూడు తెఱగులు: సముద్రముతో, అడవితో నొకటి, జారాఫుతో నొకటి, తన పూర్వనిశ్చయముతో నొకటి. మొదటి రెండును మూడవదానికి సోపానములు. రెయిన్స్‌ఫర్డు పన్నిన మ్రానియుచ్చు జారాఫు భుజమును గాయపఱచును. త్రవ్విన ఓదమునబడి మేలి వేటకుక్క చచ్చును. వంచిన లేబ్రానికి గట్టిన కత్తి పరిచారకుడగు ఐవానును చంపును. ఐనను ఉపాయము ఫలించినకొలది భయము తగ్గదు, పెరుగును. చెట్టుపై దాగిన తన్ను కనిపెట్టియు జారాఫు చిఱునవ్వుతో మరలిపోయినపుడు భయముయొక్క పూర్ణార్థమును, జాగిలముల మొఱుగు సమీపించినపుడు దారిలేక నిలిచిన మృగము మనస్సును రెయిన్స్‌ఫర్డు ఎఱుగును. విట్నీ మాట యిట్లు ఋజువగును.

ఐన నా యెఱుక జారాఫునకును కలదు. ఎదుటివానికి బుద్ధియు ధైర్యమును ఉండుటచేతనే వాని వేటయందు రుచి యెక్కువయని యాతని వాదము. అతిథిమర్యాదలు తెలిసినవాడు, రాత్రివేళ మార్కస్ ఆరీలియస్ గ్రంథమును చదువువాడు. ఆ సంస్కారము కరుణను పుట్టింపలేదు. సేనాపతి పొగడిన లాభము హద్దుమీఱినచో నెట్లుండునో జారాఫు పాత్రయే నిదర్శనము.

రెయిన్స్‌ఫర్డు సముద్రమున దూకినపిదప కథనము జారాఫు వెంట బోవును. అందుచేత పాఠకుడు నాయకుడు చచ్చెనో బ్రదికెనో తెలియక యుండి, శయనగృహమున తెరచాటునుండి యాతడు వెలువడుటను జారాఫుతోపాటే చూచును. గెలుపు నీదేయని జారాఫు ఒప్పుకొనినను, తానింకను దారిలేక నిలిచిన మృగమునేయని రెయిన్స్‌ఫర్డు పోరునకు సిద్ధపడును. కవి పోరును వర్ణింపక, ఆ శయ్యపై నాయకుడు సుఖముగ నిద్రించిన మాటతో ముగించును.

దీనిని పశ్చాత్తాపకథగా బోధించుట సులభము. కాని వేట మానెదనను ప్రతిజ్ఞ కథయందు లేదు. జాగ్వారులపట్ల జాలి చూపిన మాటయు లేదు. 1932 నాటి చలనచిత్రమున నొక స్త్రీపాత్రను చేర్చుటచేత నాయకుని పోరునకు ఆర్తరక్షణమను సమర్థనము లభించెను. మూలకథకు అట్టి యూరట లేదు. మృగమై భయమును నేర్చినవాడు జయించి, వేటకాని శయ్యపై పవళించెను. మఱునాడు మేల్కొనునది పాత రెయిన్స్‌ఫర్డో, క్రొత్తవాడో, రెండవ జారాఫో కవి చెప్పలేదు. భయజ్ఞానము వేఱు, కారుణ్యము వేఱు. మొదటిదానినుండి రెండవది తప్పక పుట్టునని యీ కథ యొప్పుకొనలేదు. కథను బోధించువారు విద్యార్థుల నీ సందేహమువఱకు కొనిపోవుట న్యాయము. దానిని దాటించి నీతివాక్యమును చేతికిచ్చుట కథకు మించిన పని.