సైకిలూ, అట్లాసూ, ఇరవై ఒక్క ఏళ్ళూ

ప్రయాణమంటే మన ఇళ్ళల్లో ముందు బయటికొచ్చేవి కాగితమూ, పెన్సిలూ. మూడు రోజుల పెళ్ళికి వెళ్ళాలన్నా ఓ జాబితా ఉండాల్సిందే. చీరలెన్ని, పిల్లల బట్టలెన్ని, మామగారి మాత్రలు, రైల్లోకి పులిహోర, పాలవాడికి చెప్పడం, పక్కింటావిడకి తాళంచెవి ఇవ్వడం. ఇంతా రాసుకుని, బండి కదిలాక గానీ గుర్తురాదు, దువ్వెన మరిచిపోయామని!

అలాంటి మన దగ్గరికి ఎవరో వచ్చి, "ఒకమ్మాయి ఒక్కర్తే, సైకిలు వెనక డేరా కట్టుకుని, వేసవి మూడు నెలలూ యూరప్ ఈ చివర్నుంచి ఆ చివరికి తొక్కుకుంటూ పోతుందట" అన్నారనుకోండి. ముందు గుండెల మీద చెయ్యి వేసుకుంటాం. ఆ తరువాత, అలవాటు ఎక్కడికి పోతుంది, "ఏమేం సర్దుకుందిట?" అని అడుగుతాం. నన్నడిగితే ఈ రెండోదే అసలైన ప్రశ్న. ఆ సర్దుబాటు వెనక నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. జాబితాలోని ఒక్కొక్కటీ ఎవరో ఒకరు పోట్లాడో, వానలో తడిసో, నలుగురిలో నవ్వులపాలయ్యో మనకి సంపాదించి పెట్టిందే.

మొదటిది సైకిలే. తొలిరోజుల్లో ముందు చక్రం మనిషెత్తు, వెనకది పళ్ళెమంత ఉండేది. పాదాల దాకా గౌనులు వేసుకునే ఆడవాళ్ళు దాన్నెక్కడం కలలో మాట. 1885లో ఇంగ్లండులోని కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా, గొలుసుతో వెనక చక్రం తిరిగేలా 'రోవర్' సైకిలు చేశాడు. ఇవాళ మన వీధిలో తిరిగే సైకిలుకి అదే ముత్తాత. మూడేళ్ళకి, 1888లో, బెల్ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు పుచ్చుకున్నాడు. కొడుకు మూడుచక్రాల బండి మీద కుదుపులు పడలేకపోతుంటే, ఆ తండ్రి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి కట్టాడట. నడుములు విరగకుండా దూరాలు పోవడం అప్పట్నుంచీ సాధ్యమైంది.

రెండోది బట్టలు. ఇది మన శాఖ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1894 జూన్‌లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఆనీ లండన్‌డెరీ అనే ఆవిడ, సైకిలుతో ప్రపంచం చుట్టి వస్తానని బయల్దేరింది. ఆవిడ అసలు పేరు ఆనీ కోహెన్ కొప్‌చోవ్‌స్కీ. 'లండన్‌డెరీ' అన్నది ఊట నీళ్ళు అమ్మే ఒక కంపెనీ పేరు. డబ్బిచ్చి ఆ పేరు ఆవిడకి తగిలించారు! బయల్దేరినప్పుడు ఆవిడ వేసుకున్నది పొడుగు గౌను, ఎక్కింది 42 పౌన్ల ఆడవాళ్ళ సైకిలు. షికాగో చేరేసరికి జ్ఞానోదయమైంది. సైకిలు మార్చేసి 21 పౌన్ల మగవాళ్ళ సైకిలు తీసుకుంది, గౌను మాని వదులు పంట్లాం తొడిగింది. సముద్రాలు ఓడ మీదా, అక్కడక్కడ రైల్లోనూ దాటినా, ఫ్రాన్సులో పారిస్ నుంచి మార్సేల్స్ వైపు నడిచలిలో తొక్కుతూ పోయింది. 1895 సెప్టెంబరుకల్లా షికాగోకి తిరిగొచ్చింది. ఇంటి దగ్గర భర్తకి ముగ్గురు చిన్నపిల్లల్ని అప్పగించి వెళ్ళింది. ఆ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వద్దాం.

ఆ పంట్లాం కోసం ఇంగ్లండులో కోర్టు దాకా వెళ్ళారు. 1898లో లేడీ హార్బర్టన్ అనే గొప్పింటావిడ సర్రే ప్రాంతంలో ఒక హోటలుకి సైకిలు మీద వెళ్ళింది. ఆవిడ దుస్తులు చూసి హోటలు యజమానురాలు, కాఫీ గదిలోకి రానివ్వను, కావాలంటే సారా గదిలో కూర్చోమంది. అక్కడ మగవాళ్ళు పొగతాగుతూ కూర్చుని ఉంటారు. సైకిలు ప్రయాణికుల సంఘం ఆవిడ తరఫున దావా వేసింది. 1899లో కేసు ఓడిపోయారు. ఓడినా, పేపర్లనిండా ఆ గొడవే అయ్యేసరికి, ఆడది సైకిలెక్కడానికి ఏ బట్ట అనువన్న సంగతి వంటింటి దాకా చర్చకొచ్చింది. కొన్ని కేసులు ఓడిపోయినా పని జరుగుతుంది లెండి.

మూడోది డేరా. దీనికి మూలపురుషుడు ఒక దర్జీ అంటే నమ్ముతారా? థామస్ హైరమ్ హోల్డింగ్ అనే లండన్ దర్జీ, తొమ్మిదేళ్ళ వయసులో, 1853లో, బళ్ళ వరసతో అమెరికా మైదానాలు దాటిన మనిషి. దారిపొడుగునా డేరాల్లో పడుకున్న ఆ రుచి ఆయన్ని వదల్లేదు. పెద్దవాడయ్యాక, 1897లో స్నేహితులతో ఐర్లండులోని కనెమారాకి సైకిళ్ళ మీద డేరా, పొయ్యి సహా వెళ్ళి వచ్చి, మరుసటేడు ఆ సంగతులతో పుస్తకం వేశాడు. గుడ్డ తూకం, కుట్టు బలం తెలిసిన చేతులు కదా, డేరాని సైకిలు మోయగలిగినంత తేలిక చెయ్యడం మీదే బుద్ధంతా పెట్టాడు. 1901లో సైకిలు మీద వెళ్ళి డేరా వేసేవాళ్ళకి ఏకంగా ఒక సంఘమే పుట్టించాడు. వాళ్ళ తొలి మకాముకి వచ్చింది పట్టుమని ఆరుగురు!

నాలుగోది దారి. ఇవాళ యూరప్‌లో 'యూరోవెలో' పేరుతో దేశాలు కలిసి వేసుకున్న సైకిలు దారులున్నాయి. అందులో ఆరో నంబరుది ఫ్రాన్సులో అట్లాంటిక్ ఒడ్డున మొదలై, లువార్ నది వెంట పోయి, స్విట్జర్లండు తగిలి, జర్మనీలో దాన్యూబు చెయ్యిపట్టుకుని, వియన్నా, బుడాపెస్టు, బెల్‌గ్రేడుల మీదుగా రుమేనియాలో నల్లసముద్రం చేరుతుంది. దాదాపు 4,000 కిలోమీటర్లు. నది వెంట పోవడం వల్ల పెద్ద కొండలు ఎక్కే బాధ తక్కువ. ఎక్కువ రోజులు గాలి పడమట నుంచి వీస్తుంది కనుక, పడమటి నుంచి తూర్పుకి పోతే వీపు మీద ఎవరో చెయ్యివేసి నెట్టినట్టుంటుంది. అయితే డేరా మాత్రం ఎక్కడ పడితే అక్కడ వేస్తే ఊరుకోరు. స్వీడన్, నార్వేలలో అడవిలో ఓ రాత్రి పడుకోవడం జనం హక్కు గానీ, ఈ దారిలోని దేశాల్లో చాలామటుకు రుసుం కట్టి డేరా వేసుకునే స్థలాలు వెతుక్కోవాలి. ఫ్రాన్సులో చిన్న చిన్న ఊళ్ళ మునిసిపాలిటీలే చవగ్గా అలాంటివి నడుపుతాయి. స్నానానికి నీళ్ళు, బట్టలుతుక్కోవడానికి చోటు ఉంటాయి. ఒంటరి ఆడమనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ఐదోది రోజులు. ఇక్కడ మన నెలవారీ పద్దు బుర్ర బాగా పనికొస్తుంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి 'షెంగెన్' వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండనివ్వరు. 4,000 కిలోమీటర్లని రోజుకి 60 చొప్పున భాగిస్తే 67 రోజులు. ఆరు రోజులకొకటి విశ్రాంతి అనుకుంటే మరో 11. మొత్తం 78. మిగిలిన 12 రోజులు వానకీ, పంక్చర్లకీ, జ్వరానికీ, ముచ్చటేసిన ఊళ్ళో ఇంకో పూట ఉండిపోవడానికీ. దారిలో సెర్బియా ఆ షెంగెన్‌లో లేదు. అటు దాటి మళ్ళీ ఇటు రావాలంటే ఒకేసారి అడుగుపెట్టనిచ్చే వీసా చాలదు. ఇలాంటివి ఇంట్లో కూర్చుని చూసుకోవాల్సినవే గానీ, సరిహద్దు దగ్గర తెలుసుకోవాల్సినవి కావు. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే కాబట్టి, డేరా చీకట్లో వేసుకోవలసిన పని ఉండదు.

ఇక్కడికి జాబితా పూర్తయినట్టే కనపడుతుంది. కానీ ఆరోది ఒకటుంది. దాన్ని ఏ ప్రయాణాల పుస్తకమూ రాయదు. మనకి మాత్రం అదే ముందు తడుతుంది: ఇల్లు. ఇంట్లో ఎవరు చూసుకుంటారు?

ఈ ఆరోదాని కోసమే మీకు డెర్వ్లా మర్ఫీ కథ చెప్పాలి. ఈవిడ 1931 నవంబరులో ఐర్లండులోని లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జిల్లా గ్రంథాలయాధికారి. తల్లికి కీళ్ళవాతం వచ్చి, డెర్వ్లా పసితనంలోనే నడక పోయింది. ఒక్కతే కూతురు. పదో పుట్టినరోజుకి అమ్మానాన్నలు పాత సైకిలొకటి కొనిచ్చారు, తాతగారు పాత అట్లాసు ఒకటి ఇచ్చారు. కొద్దిరోజులకి ఊరి దగ్గరి ఎత్తుమీద తొక్కుతూ, తన కాళ్ళు తిరగడం తానే చూసుకుంటూ ఆ పిల్ల అనుకుందట, ఇలాగే తొక్కుతూ పోతే ఇండియా వెళ్ళిపోవచ్చు కదా అని. యూరప్ మొత్తం దాటి ఆసియా మీదుగా మన దేశానికన్నమాట! ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్ళు నవ్వుతారని కాబోలు.

పద్నాలుగో ఏట బడి మానిపించారు. తల్లికి సేవ చెయ్యాలి. లేవనెత్తడం, స్నానం, తిండి, రాత్రిళ్ళు మేలుకోవడం. మన ఇళ్ళల్లో ఇలాంటి కథలు ఎన్ని లేవు! మనం వీటిని 'త్యాగం' అనే ఒక్క మాటతో మూటకట్టి అటక మీద పెట్టేస్తాం. ఆవిడ అలా కట్టలేదు. 1979లో వేసిన ఆత్మకథలో, ఆ ఏళ్ళల్లో తనకి కలిగిన విసుగూ, కోపమూ, నీరసమూ దేన్నీ దాచకుండా చెప్పింది. చివరికి తల్లి పోయినప్పుడు కలిగిన విడుదల సంగతి కూడా. అది చదివి, ప్రేమ లేదనడానికి మనకి నోరు రాదు. ఎందుకంటే పదహారేళ్ళు ఆ మంచం పక్కనుంది ఆవిడే.

నాకు ముచ్చటేసేది ఇంకోటి. ఈ మధ్యలో ఆవిడ అట్లాసు మూసెయ్యలేదు. 1951లో వేల్సు, దక్షిణ ఇంగ్లండు. 1952లో బెల్జియం, జర్మనీ, ఫ్రాన్సు. 1954లోనూ, 1956లోనూ స్పెయిను. అన్నీ సైకిలు మీదే, ఒంటరిగానే, కొద్ది వారాలే. వెళ్ళిరమ్మని ప్రోత్సహించింది మంచంలో ఉన్న ఆ తల్లే! తాను కదల్లేని మనిషి, కూతుర్ని కదలమంది. స్పెయిను మీద పుస్తకం రాస్తే ప్రచురణకర్తలు వెనక్కి పంపించారు. అయినా ఆ చిన్న చిన్న ప్రయాణాలే పెద్ద ప్రయాణానికి పాఠశాల అయ్యాయి. రోజుకి ఎంత తొక్కగలదో, ఎంత తక్కువతో బతకగలదో, ఏది లేకపోయినా ఫరవాలేదో తేలింది అక్కడేగా.

1961లో తండ్రి, 1962 ఆగస్టులో తల్లి పోయారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. ఆవిడ తయారవడం చూడండి. దారిలోని ఊళ్ళకి మార్చుకునే టైర్లు ముందుగానే పంపించింది. ఆసియా గుంటల్లో నిలవదని సైకిలుకున్న గేర్లు తీయించేసింది. పిస్తోలు పేల్చడం నేర్చుకుంది. 37 పౌన్ల సైకిలుకి, డాన్ క్విక్సోట్ గుర్రం పేరు కలిసొచ్చేలా 'రోజ్' అని ముద్దుపేరు పెట్టుకుంది. 1963 జనవరిలో ఫ్రాన్సులోని డన్‌కర్క్ నుంచి బయల్దేరింది. ఇన్నేళ్ళ ఆలోచనలో ఆవిడ చేతిలో లేనిది ఒకటే, వాతావరణం. ఆ ఏడు యూరప్‌కి దశాబ్దాల్లో ఎరగని చలి. యుగోస్లావియా మంచులో తోడేళ్ళు మీదపడితే ఆ పిస్తోలే కాపాడింది. వేసవిలో వెళ్ళు తల్లీ, అని ఎవరైనా చెప్పి ఉండాల్సింది! జూలై 18న ఢిల్లీ చేరింది. ఖర్చంతా కలిపి 64 పౌన్ల చిల్లర. ఆ ప్రయాణం మీద 1965లో వచ్చిన పుస్తకంతో ఆవిడ రచయిత్రిగా నిలబడింది. పదేళ్ళ తరువాత మళ్ళీ మన దేశానికొచ్చి, అయిదేళ్ళ కూతురు చెయ్యిపట్టుకుని కూర్గు దాకా తిరిగింది. 2022 మేలో, తొంభయ్యో ఏట, ఆ లిస్మోర్‌లోనే కన్నుమూసింది.

అట్లాసు వచ్చిన రోజుకీ, డన్‌కర్క్‌కీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు. ఆనీ లండన్‌డెరీ ముగ్గురు పిల్లల్ని వదిలి వెళ్ళిపోయింది. డెర్వ్లా తల్లి పోయేదాకా ఆగింది. ఎవరు చేసింది సబబు అని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ ఒకటి మాత్రం కనిపిస్తోంది. ఆరోదాన్ని జాబితాలో రాసుకోకపోతే, మిగతా అయిదూ సర్దుకున్నా అటక దిగవు. కాబట్టి దాన్నీ రాయాల్సిందే. ఏ వారం అత్తగారి దగ్గర ఎవరుంటారు, మందులెవరు ఇస్తారు, పిల్లల పరీక్షలెప్పుడు, అని పేరుపేరునా, తేదీలతో. మూడు నెలలు కుదరకపోతే మూడు వారాలు. మూడు వారాలు కాకపోతే మూడు రోజులు. అడిగితే, మంచంలో ఉన్నావిడే "వెళ్ళిరావే" అనొచ్చు. అడగకుండా ఎలా తెలుస్తుంది?

మీ ఇంట్లో పిల్లల చిన్నప్పటి అట్లాసు ఏ అలమరలోనో ఉండే ఉంటుంది. దుమ్ము దులిపి, ఈ సాయంత్రం ఓసారి యూరప్ పేజీ తియ్యండి. దాన్యూబు నల్లసముద్రం దాకా నీలంగా కనిపిస్తుంది. వేలితో దాని వెంట పోతూంటే పొయ్యి మీద పాలు పొంగితే పొంగనివ్వండి, ఒక్క రోజుకి.