చోడి అంబలి – దేశదేశాల్లో దాని చుట్టాలు

"అంబలి తాగేవాడికి మీసాలు ఎత్తేవాడొకడు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. చేతిలో కాసు లేకపోయినా జమీందారు దర్జా ఒలకబోసేవాణ్ణి వేళాకోళం చేయడానికి పుట్టిన మాట అది. నవ్వింది మీసాలను చూసే గాని, దెబ్బ మాత్రం అంబలి మీద పడింది. అంబలి అంటే లేనివాడి తిండి అని ఊరందరికీ తెలుసు కనుకనే ఆ సామెతను ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఎన్నో తరాల పల్లెజనం పొద్దున్నే అంబలి తాగి పొలానికి వెళ్ళినవారే. అయినా పెళ్ళి విందుల గురించి చెప్పుకున్నంతగా అంబలి గురించి మనవాళ్ళు చెప్పుకోలేదు. దేశదేశాల సంప్రదాయ వంటకాల ప్రస్తావన వచ్చింది గనుక, మన అంబలి చరిత్రనూ, ఇతర దేశాల్లో దానికున్న చుట్టరికాన్నీ పాఠక మిత్రులకు మనవి చేస్తాను.

చోళ్ళు ఎక్కడివి?

మనం చోళ్ళు అంటాం. రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు. మన పొరుగున ఒడియావారు మాండియా అంటారు, తమిళులు కేళ్వరగు అంటారు, మరాఠీవారు నాచ్నీ అంటారు. ఇన్ని పేర్లున్న ఈ ధాన్యం మన దేశంలో పుట్టింది కాదు. తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, ఉగాండా ఎత్తుభూములు దీని పుట్టిల్లు. అక్కడి రైతులు ఒక అడవి గడ్డిని వేల ఏళ్ళ పాటు సాగుచేసి ఈ గింజగా మలిచారు. అక్కడినుంచి మూడు వేల ఏళ్ళ క్రితమే ఇది దక్షిణ భారతానికి చేరిందని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతారు. జొన్నలూ, మనం గంటెలు అనే సజ్జలూ కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు 'ఎల్యుసినె కొరకాన'. ఇందులో రెండో మాట సింహళ భాషలోని 'కురక్కన్' నుంచి వచ్చింది. పుట్టింది ఆఫ్రికాలో, శాస్త్రంలో పేరు దక్కింది సింహళం మాటతో, అత్తవారిల్లు మన మెట్టభూముల్లో. మనం తరతరాలుగా నాటు తిండి అనుకున్నది సముద్రం దాటి వచ్చిన ధాన్యం అన్నమాట.

అంబలి తయారీ

ఈనాటి పిల్లలకు తెలియదు గనుక పద్ధతి రాస్తున్నాను. చోళ్ళను చెరిగి, ఏరి, తిరగలిలో విసిరి పిండి చేసేవారు. ఆ పిండిని రాత్రి నీళ్ళలో కలిపి మట్టి కుండలో పులియబెట్టేవారు. తెల్లవారుజామున కొంచెం నూకలు ఎసట్లో వేసి, అవి ఉడికాక పులిసిన పిండినీళ్ళు పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ కాచేవారు. చల్లారాక మజ్జిగ ఉన్నవారు మజ్జిగ, లేనివారు నీళ్ళు, ఉప్పు కలుపుకుని తాగేవారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. సముద్రతీర గ్రామాల్లో అయితే కాల్చిన ఎండు మెత్తళ్ళు. పొలానికీ, కొండకూ మోసుకుపోవడానికి ఎండిన ఆనపకాయ బుర్ర ఉండేది. అందులో అంబలి ఎండలోనూ చల్లగా ఉండేది.

ఏజెన్సీలో చోళ్ళు కూడా అయిపోయిన వానాకాలంలో మామిడి టెంకల్లోని పప్పును నీళ్ళలో నానబెట్టి, వగరు పోగొట్టి, దంచి టెంక అంబలి కాచుకునేవారు. అది అంబలికి అడుగు మెట్టు.

ఇక పులియబెట్టడం పేదల ఇళ్ళకే పరిమితం కాదు. అగ్రహారాల్లో తరవాణి కుండ ఉండేది. అన్నం, గంజినీళ్ళు పులియబెట్టిన ఆ కుండను మడితో చూసుకునేవారు. పిల్లలకు పొద్దున ఆ తరవాణి అన్నమే ఫలహారం. ఒకరి ఇంట్లో అంబలి, మరొకరి ఇంట్లో తరవాణి. పేర్లు వేరు, మర్యాదలు వేరు. కుండలో జరిగే పని మాత్రం ఒకటే.

కరువు కాలపు ధాన్యం

పేదవాడు చోళ్ళను నమ్ముకోవడానికి బలమైన కారణం ఉంది. ఈ గింజ చాలా చిన్నది, పైపొర గట్టిది. పురుగు తొందరగా పట్టదు. ఆరబెట్టి దాస్తే ఏళ్ళ తరబడి చెడదు. వాన తక్కువైనా, నేల చవుడైనా ఎంతో కొంత పండుతుంది.

ఈ గుణాన్ని కన్నడ దేశపు భక్తకవి కనకదాసు 16వ శతాబ్దంలోనే కావ్యవస్తువు చేశాడు. ఆయన 'రామధాన్య చరితె'లో వరికీ రాగికీ ఎవరు గొప్ప అనే తగవు వస్తుంది. శ్రీరాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో ఉంచుతాడు. వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. తీర్పు రాగి పక్షానే వస్తుంది. ఉన్నవాడి వరికీ లేనివాడి రాగికీ మధ్య తగవులో దేవుడు ఎటు నిలిచాడో చెప్పిన కావ్యం అది. మన తెలుగులోనేమో శ్రీనాథుడి పేరిట చెప్పుకునే చాటువులు పల్నాటి జొన్నకూటిని చూసి మొహం చిట్లించాయి.

మన ప్రాంతానికి కరువులు కొత్త కాదు. 1866లో ఒరిస్సాను ఊడ్చిపెట్టిన మహాక్షామం గంజాం జిల్లానూ తాకింది. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడే మనం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాం. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో బర్మా బియ్యం రాక ఆగిపోయింది. రంగూన్‌కు కూలికి వెళ్ళిన మన జిల్లాలవారు వేల సంఖ్యలో తిరిగి రావలసి వచ్చింది. బియ్యం రేషన్ అయిపోయిన ఆ రోజుల్లో ఇళ్ళను నిలబెట్టింది చోడిపిండి అని మా పెద్దలు చెప్పగా విన్నాం.

దేశదేశాల చుట్టాలు

చోళ్ళ పుట్టిల్లు ఆఫ్రికాలో నేటికీ అంబలి ఉంది. కెన్యాలో దాన్ని 'ఉజి' అంటారు. చోడిపిండితో కాచిన జావ అది, పులియబెట్టీ చేస్తారు. ఉగాండాలో చిక్కగా ఉడికించి మన సంకటిలా ముద్ద చేస్తారు. నేపాలు కొండల్లో దాన్ని 'ఢిండో' అంటారు. శ్రీలంకలో కురక్కన్ పిండితో రొట్టెలు, పిట్టు చేస్తారు. తమిళనాట ఆడి మాసంలో మారియమ్మ గుళ్ళ దగ్గర కూళ్ కాచి అందరికీ పోస్తారు. అది మన అంబలికి తోబుట్టువు, అక్కడ అమ్మవారి ప్రసాదం.

తరవాణికి చుట్టాలు ఇంకా దగ్గరలోనే ఉన్నారు. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సాలో 'పఖాళ'. పూరీ జగన్నాథుడికి నైవేద్యంగా పెట్టే చల్దన్నం అది. బంగ్లాదేశ్‌లో దాన్ని 'పాంతా భాత్' అంటారు. 2021లో ఆస్ట్రేలియాలో జరిగిన మాస్టర్‌చెఫ్ అనే పెద్ద వంటల పోటీలో, బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి అనే మహిళ తుది పోటీలో ఈ పాంతా భాత్‌నే వండి పెట్టింది. ఖరీదైన వంటల మధ్య చల్దన్నం పెట్టి మూడో స్థానంలో నిలిచింది. ఆ వార్త మన పత్రికల్లో కూడా వచ్చింది.

తెల్లవాళ్ళ దేశాల్లోనూ ఇదే కథ. స్కాట్లండ్ పేదలకు ఓట్లు మన చోళ్ళ వంటివి. 1755లో ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్, ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే ఈ గింజను స్కాట్లండులో మనుషులు తింటారని ఎగతాళిగా అర్థం రాశాడు. ఇప్పుడు అదే ఓట్ల జావను మన పట్టణాల్లో డాక్టర్లు చెప్పారని పెట్టెల్లో కొనుక్కుని తాగుతున్నాం. పోలండు వారి 'జురెక్' పులియబెట్టిన పిండినీళ్ళతో కాచే చారు. ఒకప్పటి పల్లె తిండి, నేడు పండుగ వంట.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తిండికి అంతస్తు గింజలోంచి రాలేదు. తినేవాడి అంతస్తునుబట్టి వచ్చింది. పేదవాడు తాగినంతకాలం అది అంబలి. ఉన్నవాడు తాగడం మొదలుపెట్టాక దాని పేరు, ధర, పాత్ర మూడూ మారతాయి.

కుండ ఎప్పుడు ఖాళీ అయింది?

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. మనిషికి 5 కిలోల లెక్కన కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చేవారు. తాలూకా కచేరీల్లో ఆ పచ్చ కార్డుల పని చేసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు, నేనూ ఒకణ్ణి. పండక్కి మాత్రమే వరి అన్నం చూసిన ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పైగా కోడి కూయకముందే లేచి తిరగలి తిప్పిన ఆడవాళ్ళ చేతులకు అప్పుడే విశ్రాంతి దొరికింది. అంబలి రుచిని తలుచుకునే మగవాళ్ళం ఆ తిరగలి బరువును కూడా తలుచుకోవాలి.

కాని బియ్యంతో పాటు ఒక సిగ్గు కూడా ఇంట్లోకి వచ్చింది. అంబలి తాగుతున్నామని చెప్పుకోవడం తక్కువతనం అయింది. వంశధార, నాగావళి నీళ్ళు అందిన మేరకు వరి పెరిగింది. మెట్ట మీద గోగు, జీడి, సరుగుడు, మొక్కజొన్న వచ్చాయి. చోడి చేలు తగ్గిపోయాయి. కొండ గ్రామాల్లో మాత్రం కొంత నిలిచింది.

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం మాత్రం ఈ పంటను వదిలిపెట్టలేదు. మన నదుల పేర్లతో చంపావతి, వేగావతి, ఇంకా భారతి, శ్రీచైతన్య వంటి రకాలను విడుదల చేసింది. ఊళ్ళు మరిచిపోతున్న గింజను ఆ శాస్త్రజ్ఞులు నిలబెడుతూ వచ్చారు.

తిరిగి వచ్చిన అంబలి

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు మార్చిలో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. కేంద్రం 2024–25కు క్వింటాలు రాగులకు 4,290 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,300 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ఒకనాటి పేదవాడి గింజ ధర వడ్ల ధరను దాటిపోయింది. రోడ్డు పక్క బళ్ళ మీద, అందమైన పొట్లాల్లో అంబలి తిరిగి వచ్చింది.

దాని గుణం అబద్ధం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా లేదు. ఎముకలు అరిగిన మన వయసువారికి ఇది మంచి కబురే. కాని ఒక మాట. అంబలి తాగితే షుగరు జబ్బు దానంతటదే తగ్గిపోతుందని నమ్మి మాత్రలు మానేసేవారు ఉన్నారు. అది చాలా ప్రమాదం. మెత్తటి పిండితో పలచగా కాచిన జావ రక్తంలో చక్కెరను వేగంగానే పెంచుతుంది. అంబలి మందు కాదు, తిండి. మితం చూసుకుని, డాక్టరు మాట విని తాగాలి.

నాకున్న బాధ ఒక్కటే. గింజ తిరిగి వచ్చింది గాని మాట తిరిగి రాలేదు. మన మనవలకు రాగి జావ తెలుసు, మిల్లెట్ తెలుసు. చోళ్ళు అంటే తెలియదు. గింజకు గౌరవం వచ్చినప్పుడు దాన్ని ఇన్ని తరాలు కాపాడినవాళ్ళ మాటకు కూడా ఆ గౌరవంలో వాటా ఉండాలి. మెట్ట రైతులు, కొండ మీది గిరిజనులు, తిరగలి తిప్పిన తల్లులు ఆ వాటాకు హక్కుదార్లు.

అంచేత సంఘ సభ్యులకూ, ముఖ్యంగా వారి ఇళ్ళలోని పెద్ద ఆడవారికీ ఒక మనవి. మీ ఊళ్ళో అంబలి ఎలా కాచేవారు, ఏ కుండలో, ఏం నంజుకునేవారు, ఏ మాటలు వాడేవారు అన్నది ఒక కాగితం మీద రాయించండి. రాయలేనివారు చెబితే మనవల చేత రాయించండి. ఆ మాటలు తెలిసినవారు మన తరంలోనే ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వచ్చే సంచికలో అటువంటి కాగితాలు పదైనా అచ్చయితే, ఈ వ్యాసం రాసినందుకు అంతకన్నా నాకు కావలసింది లేదు.