గోల్ఫు చెండు వంపు నేర్చిన చరిత్రము



వంకర యనుమాట మన వాడుకలో నిందావాచకము. వంకరబుద్ధి, వంకరమాట యనిన ఎవ్వరును మెచ్చరు. కాని గోల్ఫు అను క్రీడలో వంపు ఒక విద్య. చెండును తిన్నగా కొట్టుట మొదటి పాఠము; కోరినపుడు కుడికి, కోరినపుడు ఎడమకు వంచి కొట్టుట కడపటి పాఠము. ఈ విద్య ముందుగా మానవుని చేతికి లొంగినది. బుద్ధికి చాలకాలము పిదప బోధపడినది. పాఠములలోనికి సరిగా వచ్చుటకు మఱింత ఆలస్యమైనది. ఆ చరిత్రమే నేటి ప్రసంగవిషయము.

స్కాట్లండు తీరభూములందు పెరిగిన యీ యాటకు 1829లోనే కలకత్తాయందు సంఘ మేర్పడినది. మన తెలుగునేలపై విశాఖపట్టణమందును, హైదరాబాదు చేరువ గోల్కొండ నయాఖిల్లాయందును దీని రంగస్థలములు కలవు. మా నిజామాబాదు, బోధను ప్రాంతపు బాలురకు చిర్రగోనె తెలిసినంతగా గోల్ఫు తెలియదు. ఐనను చిర్రను ఎగురగొట్టిన చేతికి ఈ విద్య పరాయిది కాదు. చెట్టు అడ్డము నిలిచినపుడు, మైదానము మలుపు తిరిగినపుడు, ప్రక్కగాలి వీచినపుడు ఆటగాడు చెండును వంచక తప్పదు.

చెండు ఏల వంగును? తిరుగుచుండుటవలన. 1672లోనే న్యూటను పండితుడు, వాలుగా తగిలిన టెన్నిసు బంతి తిరుగుచు వంగిపోవుటను ప్రస్తావించెను. పదునెనిమిదవ శతాబ్దమున బెంజమిను రాబిన్సు తుపాకిగుండ్ల విషయమునను, 1852 ప్రాంతమున జర్మనీ దేశీయుడగు మాగ్నసు ఫిరంగిగుండ్ల విషయమునను దీనిని పరిశోధించిరి. యుద్ధవిద్య వెదకిన రహస్యము క్రీడకు అక్కఱకు వచ్చినది.

దీనిని మా సీమలోనే చూపవచ్చును. మంజీర, హరిద్ర గోదావరితో కలియు కందకుర్తికడ పడవను తలచుకొనుడు. చుక్కాని నీటిని ఒక ప్రక్కకు త్రోయగా, పడవ వెనుకభాగము రెండవ ప్రక్కకు నెట్టబడును. తిరుగు చెండును అట్లే తన వెనుకటి గాలిని ఒకవైపునకు మరల్చి, తాను రెండవవైపునకు పోవును. వెనుకకు తిరుగు చెండు గాలిని క్రిందికి త్రోసి తాను పైకి తేలును. ఆ తిరుగుడు ఇరుసు ఒక ప్రక్కకు ఒరిగెనా, చెండు ఆ ప్రక్కకే వంగును. తిరుగుడుయొక్క బలము చెఱకుసీమవారికి క్రొత్తది కాదు. 1937లో స్థాపితమై 2015లో పని నిలిచిపోయిన బోధను చక్కెర కర్మాగారమున, పాకమునుండి మడ్డిని విడదీసి పంచదారను నిలిపినవి గిరగిర తిరుగు యంత్రములే కదా!

గోల్ఫు చెండు విషయమున ఈ తత్త్వమును కొలిచి చూపిన మహనీయుడు ఎడింబరో విశ్వవిద్యాలయాచార్యుడు పీటరు టెయిటు. తిరుగుడంతయు చెండునకు చేటు అని ఆయనకు నేర్పిరి. ఆయనయు దానిని తప్పించుటకే చిరకాలము సాధనచేసెను. పిదప చెండునకు పొడవైన పట్టీనొకదానిని కట్టి కొట్టించి, పట్టీ పడిన మెలికలను లెక్కించి, మంచి దెబ్బకు వెనుకతిరుగుడే ప్రాణమని 1890ల నాటి పరిశోధనలలో నిరూపించెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ 1896లోను 1898లోను బ్రిటిషు అమెచ్యూరు విజేత. ఆ యువకుడు 1900లో దక్షిణాఫ్రికా యుద్ధమున నిహతుడయ్యెను. మఱుసటి యేడే తండ్రియు గతించెను. తండ్రి లెక్కించిన తిరుగుడే కుమారుని చేతిలో విజయమైనది.

చెండుయొక్క చర్మముకూడ ఇట్లే అనుభవమునుండి మారినది. 1848 ప్రాంతమున వచ్చిన గట్టాపెర్చా చెండ్లు నున్నగానున్నపుడు త్వరగా నేలబడెడివి. దెబ్బలు తిని గాట్లు పడినవి దూరము పోయెడివి. ఆటగాండ్రు దానిని కనిపెట్టి తామే గాట్లు పెట్టసాగిరి. 1905లో విలియము టెయిలరు గుంటల చెండునకు పేటెంటు పొందెను.

ఇక పాఠముల సంగతి. చెండు మొదట దండము సాగిన దిక్కున బయలుదేఱి, పిదప దండముఖము చూచిన దిక్కునకు వంగునని బోధకులు చాలకాలము చెప్పిరి. 1968లో కాక్రను, స్టాబ్సు ప్రకటించిన పరిశోధన వేఱుమాట చెప్పినది. రాడారు యంత్రములు తరువాత దానిని రూఢిచేసినవి. చెండు బయలుదేఱు దిక్కును ప్రధానముగా నిర్ణయించునది దండముఖమే. ముఖమునకును దండము సాగిన బాటకును గల భేదము వంపును పుట్టించును. కావున కుడిచేతివాటపు ఆటగాడు చెండును ఎడమకు వంచి గుఱి చేర్పవలెనన్న, ముఖము గుఱికి కొంచెము కుడిగా చూడవలెను. దండము ఇంకను కుడిగా సాగవలెను. దీనిని డ్రా యందురు. దీనికి విపర్యయము ఫేడ్. పాతపాఠమును నమ్మి ముఖమును గుఱివైపే నిలిపినవాని చెండు, నడుమనున్న చెట్టునకు తగులవచ్చును. తప్పినను గుఱిని దాటి ఎడమకు పోవును.

ఐనచో పూర్వపు నిపుణులు ఎట్లు గెలిచిరి? చేయి సరిగా చేసినదానిని నోరు తప్పుగా చెప్పినది. అమెరికా దేశీయుడు బెన్ హోగను తన చెండు ఎడమకు విపరీతముగా వంగుచుండుటచే యేండ్లతరబడి బాధపడి, సాధనచే దానిని కుడికి మెల్లగా వంగునట్లు మార్చుకొనెను. 1949లో బస్సు ఢీకొని ప్రాణాపాయమున పడియు, 1950లో అమెరికా ఓపెను గెలిచెను. ఆయనకు గురువు చెండుయొక్క గమనమే.

తర్కము చదివిన నాకు ఇందు ఒక నీతి తోచుచున్నది. మన శాస్త్రకారులు ప్రమాణములలో ప్రత్యక్షమును ముందుంచి, ఆప్తవాక్యమును పిదప చెప్పిరి. చాలయేండ్లు బడిలో ఆప్తవాక్యమునే వల్లెవేయించిన వృత్తి నాది. గురువాక్యముయొక్క విలువ నాకు తెలియును. కాని గురువాక్యమొకటియు, ఎగిరిన చెండు మఱియొకటియు చెప్పినపుడు, విద్యార్థి చెండునే నమ్మవలెను. ఆ సంగతి గురువునకు వినయముతో విన్నవింపవలెను. అట్టి శిష్యుని మాట విని పాఠమును దిద్దుకొన్న గురువునకు లోపము లేదు. శాస్త్రము పెరుగుట అట్లే.