బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత కళ్లు తిరగడం
స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న కొందరికి లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. నిలబడిన 3 నిమిషాల్లో సిస్టాలిక్ రక్తపోటు కనీసం 20, లేదా డయాస్టాలిక్ కనీసం 10 మి.మీ. పాదరసం మేర పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పొట్ట చిన్నదవడంతో గ్లాసెడు నీళ్లు ఒక్కసారిగా తాగలేరు. ఒంట్లో నీరు తగ్గుతుంది. బరువుతోపాటు బీపీ కూడా దిగుతుంది. అయినా పాత మోతాదులోనే బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసేవి, వేసుకుంటుంటే ముప్పు ఎక్కువ. మోతాదు వైద్యుడే తగ్గించాలి, సొంతంగా మానకూడదు. తిన్న 1-3 గంటలకు చెమట, వణుకుతో కళ్లు తిరిగితే రక్తంలో చక్కెర తగ్గిందేమో పరీక్షించాలి. అన్నిటికన్నా తేలిగ్గా తీసుకోకూడనిది థయమిన్ (విటమిన్ బి1) లోపం: వాంతులు ఆగక, నడక తూలి, ఒకటి రెండుగా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.