సుమేరులో చౌడు

నేటి ఇరాక్ దక్షిణాన టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య వెలసిన సుమేరు నాగరికతను పెంచింది కాలువ నీరే. ఆ నీరే శతాబ్దాల తరబడి దాని పొలాలను చౌడుబార్చింది.

అక్కడ వానలు స్వల్పం. నేల దాదాపు చదును కావడంతో మురుగు పోయే దారి లేదు. తడి పెట్టిన కొద్దీ నీరు కిందికి ఇంకి భూగర్భ జలమట్టం పైకి వచ్చేది. అది పైరు వేళ్ల దాకా చేరాక, ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పు నేల మీద మిగిలేది. ఈ ముప్పు రైతులకు తెలియనిది కాదు. ఏడాది విడిచి ఏడాది పొలాన్ని బీడు పెట్టేవారు. ఆ బీళ్లలో పెరిగే లోతువేళ్ల కలుపు మొక్కలు తేమను పీల్చి జలమట్టాన్ని దించేవి. పంట కోసం ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా బలయ్యేది ఈ విరామమే.

సుమేరులోని లగాష్, ఉమ్మా రాజ్యాల మధ్య సరిహద్దు గురించి, నీటి గురించి తరాల పాటు తగాదా నడిచింది. క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్ పాలకుడు ఎంటెమెనా టైగ్రిస్ నుంచి వేరే కాలువ తవ్వించాడు. నీరు పుష్కలమైంది, దాంతోపాటే ఊటా పెరిగింది. థోర్కిల్డ్ జాకబ్‌సెన్, రాబర్ట్ ఆడమ్స్ 1958లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం లగాష్ రాజ్యంలోని గిర్సు నగరంలో హెక్టారుకు 2,537 లీటర్లున్న దిగుబడి క్రీ.పూ. 2100 నాటికి 1,460 లీటర్లకు పడిపోయింది. ఉప్పును అంతగా తట్టుకోలేని గోధుమ క్రమంగా తప్పుకొని బార్లీ మిగిలింది. ఆ అధ్యయనానికి ఆధారమైన మట్టి పలకల్లోని కొలతలను ఇలా చదవడం సరికాదని మార్విన్ పావెల్ 1985లో అభ్యంతరం చెప్పాడు. కరువు, అమోరైట్ తెగల వలసలు, పొరుగున ఉన్న ఎలామ్ దాడి కూడా తర్వాత సుమేరును ఏలిన ఉర్ రాజ్యాన్ని కూల్చిన కారణాల్లో ఉన్నాయి కనుక పతనాన్ని ఉప్పు ఒక్కదానికే అంటగట్టలేం. అయితే గాదెలు నిండుగా ఉన్న రాజ్యం శత్రువును తట్టుకున్నట్టు, పంట తగ్గిన రాజ్యం తట్టుకోలేదు.

కాలువ తవ్వినంత శ్రద్ధ మురుగు మీద పెట్టకపోవడం నేటికీ తీరని లోపం. మురుగును గల్ఫ్ వైపు మళ్లించడానికి ఇరాక్ 565 కిలోమీటర్ల కాలువను 1992లో పూర్తిచేసింది. మన దేశంలో తుంగభద్ర ఆయకట్టులోనూ, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కొన్ని చోట్లా ఊట, చౌడు కనిపిస్తాయి. కుడి కాలువ ఆయకట్టులోని కొనంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరు పొలాల్లో నేల కింద చిల్లుల గొట్టాలు పరిచి, ఉప్పు నీటిని బయటికి తీసే పద్ధతిని పరీక్షించారు.